నాలుగు వేళ్ల వెడల్పు

శుక్రవారం మధ్యాహ్నం, మంగాఫ్‌లో
మంగలి షాపు కింద సెల్లారులో మా ఆరాధన.
ఈ బేస్ గిటారు మొదట నాది కాదు.
గోవా బెర్నార్డు కాంట్రాక్టు ముగిసి వెళ్తూ వెళ్తూ
నా చేతిలో పెట్టాడు:
"నర్సువి కదా, బరువులు నీకు కొత్తా?"

నాలుగు కిలోల ఏడువందలు.
నైట్ డ్యూటీలో ఎవరూ చూడకుండా
పసిపిల్లల కాటా మీద తూచాను.
పుష్టిగా పుట్టిన బిడ్డంత.
బిడ్డయితే కాసేపటికి నిద్రపోతుంది.

బెర్నార్డు వదిలిన పట్టీ సన్నటి నైలాను.
మూడో పాటకి భుజంలో చీమలు.
ఐదో పాటకి చిటికెన వేలు నాది కాదు.
వేలు తప్పితే స్వరం తప్పుతుంది,
స్వరం తప్పితే డ్రమ్ముల వెనకనుంచి ప్రభుదాసు
కనుబొమ్మ ఎత్తుతాడు.
నోరెత్తినా బాగుండు.

హవల్లీలో వాయిద్యాల కొట్టు.
అద్దం ముందు నన్ను నిలబెట్టి
ఒక్కొక్కటే తగిలిస్తున్నాడు అబూ నిజార్.

స్పాంజి పట్టీ మెత్తనే,
అడుగేస్తే చాలు, గిలక మీద చేదలా
గిటారు కిందికీ పైకీ.

పూల పట్టీ నున్నన.
చెయ్యి వదలగానే గిటారు తల నేలకేసి వాలింది.
జారే పైటని పట్టుకున్నట్టు
ఎడం చెయ్యి దాని మెడని పట్టుకునే ఉండాలి.
ఇక వాయించేదెవరు?

రెండు భుజాలకీ వేసుకునేది ఇంకోటి.
ఎవరి ఛాతీని కొలిచి కుట్టారో,
నా రొమ్ముల మీద అడ్డంగా కోసుకుంది.
అరబ్బీలో ఆ మాట తెలియక,
తెలిసిన ఇంగ్లీషులో నోరు రాక
"లా, లా" అన్నాను తల అడ్డంగా ఊపి.

ఆఖరిది వెడల్పాటి తోలు.
హాయిగా కూచుంది.
పద్దెనిమిది దినార్లు.
ధర విని నా భుజమే దాన్ని దించేసింది.

పదకొండో మంచం ఉమ్ ఫైసల్.
రెండు గంటలకోసారి పక్క మార్చాలి.
ఎముక ఎక్కడ పొడుచుకొస్తే
పుండు అక్కడే మొదలవుతుంది.
మడమ కింద గొర్రెతోలు ముక్క సర్దుతూ
ఎందుకో నా భుజమ్మీది ఎముక తడుముకున్నాను.
ముసలావిడ చూసింది.
దగ్గరికి రమ్మని సైగ చేసి
ఎండిన అరచెయ్యి అక్కడే ఆనించింది.
బొటనవేలు కాక నాలుగు వేళ్లు.
ఆ మేరకి నొప్పి సర్దుకుంది.

ఫహాహీల్ సూక్ వెనక సందులో
చెప్పులు కుట్టే పెషావరు గుల్‌జమాన్.
నాలుగు వేళ్లు చూపించి, ఇంత వెడల్పు, అన్నాను.
మెడికల్ షాపులో కొన్న గొర్రెతోలు
సంచిలోంచి తీసి, లోపల ఇది, అన్నాను.
"తుపాకీకా?"
"పాటకి."
కాసేపు నన్నూ, తోలునీ మార్చి మార్చి చూశాడు.
మర్నాడు వెళ్తే, పట్టీ గోడ మేకుకి వేలాడుతోంది,
దాని కొసన, చెప్పులు కొట్టుకునే ఇనప పాదం.
రాత్రంతా అలాగే ఉంచాడట.
సాగలేదు. కుట్టు వదల్లేదు.
తోలుకీ కూలికీ కలిపి నాలుగున్నర దినార్లు.

ఆగస్టు ఇది. ఏసీ సగమే పనిచేస్తుంది.
చెమట పడితే ఉన్ని దురద.
మైకు దగ్గర నిలబడిన సువార్తమ్మ
మాంసం కూర వాసనొస్తోందని
పాటకీ పాటకీ మధ్య ముక్కు నలుపుతుంది.
నలపనీ.
ఐదో పాట వెళ్లింది, ఏడోదీ వెళ్లింది.
చిటికెన వేలు నా మాట వింటోంది.
లావు తీగ మీటితే సెల్లారు గోడలు
పైన మంగలి కుర్చీదాకా వణికాయి.

కుర్చీలు మడిచేశాక పెట్టె తెరిచి
గిటార్ని లోపల పడుకోబెట్టాను.
పోయిన వారం కుడి పక్క.
ఇవాళ ఎడమ పక్కకి తిప్పాను.